అంబులెన్స్ వెళ్లిపోయాక

1966 నవంబరు 4 రాత్రి పిట్స్‌బర్గ్‌లో సిరియా మాస్క్ అని పిలిచే పెద్ద సభామందిరంలో ఎన్నికల సభ జరుగుతోంది. వేదిక మీద మాట్లాడుతూ మాట్లాడుతూనే డేవిడ్ లారెన్స్ కుప్పకూలిపోయాడు. ఈ నగరానికి పదమూడేళ్లు మేయరుగా, ఆ తర్వాత పెన్సిల్వేనియా గవర్నరుగా చేసిన మనిషి. అంతటివాణ్ణి ఆస్పత్రికి చేర్చడానికి వచ్చింది పోలీసు బండి. ఆ రోజుల్లో నగరంలో ఎవరు పడిపోయినా అదే వచ్చేది. తాగి గొడవ చేసినవాణ్ణీ, దొంగనీ, గుండెపోటు వచ్చినవాణ్ణీ అందులోనే వేసుకెళ్లేవారు. ఊపిరి ఆగిన మనిషికి దార్లో ఏం చెయ్యాలో ఆ పోలీసులకు ఎవరూ నేర్పలేదు. ఆస్పత్రిలో డాక్టర్లు లారెన్స్ గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశారు గానీ మెదడు అప్పటికే దెబ్బతింది. 17 రోజులు అలాగే ఉండి నవంబరు 21న చనిపోయాడు.

అదే నగరంలో పీటర్ సాఫర్ అనే మత్తు డాక్టరు ఉన్నాడు. వియన్నాలో పుట్టి అమెరికా వచ్చినవాడు. నోట్లో నోరు పెట్టి గాలి ఊది మనిషిని బతికించవచ్చని 1950ల్లో బాల్టిమోర్‌లో ప్రయోగాలు చేసి చూపించినవాడు. లారెన్స్ పోయిన ఆ 1966లోనే సాఫర్ పదకొండేళ్ల కూతురు ఎలిజబెత్ ఉబ్బసం ముదిరి చనిపోయింది. ఆస్పత్రిలో ఎంత గొప్ప డాక్టరున్నా, అక్కడికి చేరేలోపు ఆ కాసేపూ పక్కన తెలిసిన మనిషి లేకపోతే అంతా వృథా అని ఆయనకు తండ్రిగా కూడా తెలిసింది.

మా ఆయనకు యాభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యడం మా ఇంట్లో అలవాటైన పని అయ్యాక, ఆ పిలుపుకి వచ్చేవాళ్లు ఎవరు, ఎప్పటి నుంచి వస్తున్నారు అని వెతకడం మొదలుపెట్టాను. పిట్స్‌బర్గ్ పక్కనున్న మన్రోవిల్ వైపు ఒక పబ్లిక్ లైబ్రరీలో రిటైరయ్యేదాకా పనిచేశాను కాబట్టి ఎక్కడ వెతకాలో తెలుసు. ఆయన నిద్రపోయిన వేళల్లో చదివాను. మొదట కుతూహలం కొద్దీ చదివాను. తర్వాత, మా ఇంట్లో జరుగుతున్నదానికి కారణాలు ఈ కాగితాల్లోనే ఉన్నాయని అర్థమై చదివాను.

పిట్స్‌బర్గ్‌లో పోలీసు బండి వచ్చేది. దేశంలో చాలాచోట్ల అదీ లేదు, శవాలు మోసే బండి వచ్చేది. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లగలిగినంత పొడుగు బండి ఊళ్లో అంత్యక్రియలు చేసేవాళ్ల దగ్గరే ఉండేది మరి. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1966లో ప్రమాద మరణాల మీద, వైకల్యం మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలోని అంబులెన్సుల్లో సగం దాకా నడుపుతున్నది సుమారు 12,000 అంత్యక్రియల సంస్థలేనని అందులో రాసి ఉంది. అంతకుముందు ఏడాది రోడ్డు ప్రమాదాల్లోనే 49,000 మంది చనిపోయారు. ఒకే నంబరుకు ఫోన్ చేస్తే సాయం వచ్చే ఏర్పాటు కూడా అప్పటికి లేదు. మొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలో హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం హిల్ డిస్ట్రిక్ట్‌ది. పిట్స్‌బర్గ్ నడిబొడ్డును ఆనుకుని ఉన్న నల్లవాళ్ల పేట అది. 1950ల్లో నగరాన్ని బాగుచేస్తామని చెప్పి ఆ పేట దిగువ భాగాన్ని, 95 ఎకరాలను, నేలమట్టం చేసి సివిక్ ఎరీనా కట్టారు. సుమారు 8,000 మంది ఇళ్లు పోయాయి. మిగిలినవాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని ఫోన్ చేస్తే పోలీసులు ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో తెలియదు. వచ్చినా వాళ్లను చూస్తే భయం. ఆ పేటలో ఫ్రీడమ్ హౌస్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ నడిపే జేమ్స్ మెకాయ్, ఫాక్ మెడికల్ ఫండ్ అనే ధర్మసంస్థ అధ్యక్షుడు ఫిలిప్ హాలెన్, సాఫర్ ముగ్గురూ 1967లో కలిశారు. పేటలో పనుల్లేక తిరుగుతున్న యువకులను తీసుకుని వాళ్లతోనే అంబులెన్సులు నడిపించాలని నిశ్చయించారు. మొదటి జట్టు పాతిక మంది. హైస్కూలు పూర్తి చెయ్యనివాళ్లున్నారు, వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లున్నారు. ఎక్కడికెళ్లినా పనికిరారని పంపించేసినవాళ్లు.

సాఫర్ వాళ్లకు 300 గంటల శిక్షణ ఇచ్చాడు. శరీరం ఎలా పనిచేస్తుంది, గాలి గొట్టం ఎలా తెరిచి ఉంచాలి, రక్తం ఎలా ఆపాలి, గుండె ఆగితే ఏం చెయ్యాలి అన్నీ నేర్పాడు. బండినీ కొత్తగా తయారుచేయించాడు. రోగి తల దగ్గర ఒక మనిషి కూర్చుని, ప్రయాణమంతా చేతులతో పనిచేసేలా లోపల చోటు పెట్టించాడు. పోలీసు బండిలో రోగి వెనక ఒంటరిగా పడి ఉంటే ఇద్దరూ ముందు కూర్చునేవారు. ఇక్కడ ఒకరు తప్పకుండా తల దగ్గరే. 1968లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ రోడ్డెక్కింది. మొదటి ఏడాదే 5,800 దాకా పిలుపులకు వెళ్లి 4,600 మందికి పైగా ఆస్పత్రికి చేర్చారు. వాళ్లలో 200 మంది ప్రాణాలు దక్కింది ఈ కుర్రాళ్ల వల్లేనని సాఫర్ లెక్క కట్టాడు. మేయర్లకూ గవర్నర్లకూ అందని వైద్యం హిల్ డిస్ట్రిక్ట్‌లో అద్దె ఇంటి మూడో అంతస్తుకు అందింది. తెల్లవాళ్ల పేటలకు అప్పటికింకా పోలీసు బండే వెళుతోంది.

1974లో నాన్సీ కారొలైన్ అనే యువ డాక్టరు వాళ్లకు వైద్య నిర్దేశకురాలిగా వచ్చింది. బండ్లలో వాళ్లతోపాటు తిరిగింది, వాళ్లను కూర్చోబెట్టి ప్రతి కేసునూ చర్చించింది. దేశం మొత్తానికీ పారామెడిక్‌ల, అంటే అంబులెన్సులో వైద్యం చేసేవాళ్ల, పాఠ్యక్రమం రాసే పని ఆమెకు అప్పగించింది ప్రభుత్వం. 1979లో వచ్చిన ఆమె పాఠ్యపుస్తకం చదువుకునే ఇక్కడ తరాల కొద్దీ పారామెడిక్‌లు తయారయ్యారు. అందులోని పాఠాలు హిల్ డిస్ట్రిక్ట్ మెట్ల మీద పుట్టినవి.

అయినా మేయరు పీటర్ ఫ్లాహర్టీ నగరానికి సొంత అంబులెన్స్ విభాగం పెట్టాడు. 1975 అక్టోబరు 15న ఫ్రీడమ్ హౌస్ మూతబడింది. వాళ్లను నగర ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు, జట్లు విడగొట్టబోమన్నారు. తీసుకున్నాక జట్లు విడిపోయాయి. కొత్తగా పెట్టిన పరీక్షలు తట్టుకోలేక కొందరు, తమకంటే తక్కువ తెలిసినవాళ్ల కింద పనిచెయ్యలేక కొందరు వెళ్లిపోయారు. 1990ల చివరికి నగర పారామెడిక్‌లలో నూటికి 98 మంది తెల్లవాళ్లే. జాన్ మూన్ లాంటివాళ్లు కొద్దిమంది మాత్రం పట్టుదలగా నిలిచారు. ఆయన అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగి రిటైరయ్యాడు. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు కోపం తగ్గలేదు. దేశానికి ఒక విద్య నేర్పినవాళ్లను ఆ విద్యలోంచే బయటికి నెట్టారు.

మా ఇంటికి వచ్చే పిల్లలు కూడా ఆ చదువే చదివారు. పిల్లలనే అంటాను, మా అమ్మాయి కంటే చిన్నవాళ్లు. కుర్చీ నుంచి జారిపడిన మనిషిని లేపడానికి వాళ్లు వచ్చే పిలుపుని లిఫ్ట్ అసిస్ట్ అంటారు. మా ఆయన ఆరడుగుల మనిషి, నేను ఐదడుగులకు కాస్త పైన. నడుముకు కట్టే గెయిట్ బెల్ట్ ఉంది, కుర్చీకీ మంచానికీ మధ్య వేసి జరిపే బోర్డు ఉంది, మనిషిని పట్టీలో పెట్టి ఎత్తే హోయర్ లిఫ్ట్ ఉంది. ఇవన్నీ మనిషి మంచం మీదో కుర్చీలోనో ఉంటే పనికొస్తాయి. బాత్రూమ్‌లో సింకుకీ గోడకీ మధ్య పడితే లిఫ్ట్ కాళ్లు అక్కడికి దూరవు. అప్పుడు ఫోన్ చేస్తాను. వచ్చినవాళ్లలో ఒకమ్మాయి ముందు ఆయన పక్కన నేల మీద కూర్చుంటుంది. తల తగిలిందా, నొప్పి ఎక్కడ అని ఆయన్నే అడుగుతుంది, నన్ను కాదు. మాట తడబడితే ఆగుతుంది. లేపేముందు చచ్చుబడిన ఎడమ చేతిని తీసి ఆయన పొట్ట మీద పెడుతుంది. అది కింద వేలాడుతుండగా లేపితే భుజం కీలు జారుతుందని ఆమెకు తెలుసు. తెలియనివాళ్లు ఆ చెయ్యి పట్టుకునే లాగుతారు. ఆ ఒక్క పని చూసి ఆ అమ్మాయికి ఎంత బాగా నేర్పారో నాకు తెలిసిపోయింది.

ఆమె చేస్తున్న ఈ పనికి వాళ్ల సంస్థకు దాదాపు ఏమీ రాదు. అమెరికాలో అంబులెన్సుకు డబ్బు వచ్చేది మనిషిని ఆస్పత్రికి మోస్తేనే. పెద్దవయసువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు మెడికేర్ నిబంధన అదే, మిగతా ఇన్సూరెన్సులూ చాలావరకూ ఆ దారే పట్టాయి. ఇంట్లోనే చూసి, లేపి, కూర్చోబెట్టి వెళితే అది లెక్కలోకి రాదు. ప్రభుత్వ డబ్బూ నిలవలేదు. 1973లో కాంగ్రెస్ అత్యవసర వైద్య వ్యవస్థల చట్టం చేసి ప్రాంతాల వారీగా డబ్బిచ్చింది. 1981లో రీగన్ ప్రభుత్వం ఆ పద్దును మిగతా ఆరోగ్య పద్దులతో కలిపి రాష్ట్రాలకు వదిలేసింది. రాష్ట్రాలు టౌన్‌షిప్‌లకు వదిలేశాయి. పెన్సిల్వేనియాలో చాలా ఊళ్లు స్వచ్ఛంద సేవకుల మీద, చికెన్ డిన్నర్లు అమ్మి పోగుచేసిన డబ్బు మీద, ఇంటింటికీ అమ్మే ఏడాది సభ్యత్వాల మీద అంబులెన్సు నడుపుకొచ్చాయి. నేనూ ఏటా ఆ సభ్యత్వం కడతాను. ఇప్పుడు సేవకులు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు ఊళ్లో లేరు. ఊహించని ఆస్పత్రి బిల్లుల నుంచి జనాన్ని కాపాడతామని తెచ్చిన చట్టం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. హెలికాప్టర్ అంబులెన్సుకు అది వర్తిస్తుంది, రోడ్డు మీద వెళ్లే అంబులెన్సుకు వర్తించదు.

ఇక అంబులెన్సు వెళ్లి ఆగే తలుపు సంగతి. ఎమర్జెన్సీ రూముకు ప్రత్యేకంగా డాక్టర్లంటూ 1961 దాకా లేరు. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో జేమ్స్ మిల్స్ అనే డాక్టరు, మరి ముగ్గురు తమ ప్రాక్టీసులు మానుకుని రాత్రీ పగలూ వంతుల వారీగా అక్కడే ఉంటామని ముందుకొచ్చారు. అంతవరకూ ఎవరు దొరికితే వాళ్లే, చర్మం డాక్టరైనా సరే. ఆ విద్యకు ప్రత్యేక శాఖగా గుర్తింపు 1979లో గానీ రాలేదు. మరోపక్క, 1980ల్లో ఇన్సూరెన్స్ లేనివాళ్లను ప్రైవేటు ఆస్పత్రులు ప్రసవం నొప్పుల్లో ఉన్నా సరే అంబులెన్సెక్కించి కౌంటీ ఆస్పత్రులకు పంపించేసేవి. షికాగోలో కుక్ కౌంటీ డాక్టర్లు ఆ కేసులు లెక్కగట్టి ప్రచురించాక 1986లో చట్టం వచ్చింది. ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా డబ్బు సంగతి ఎత్తకముందే పరీక్షించాలి, నిలకడయ్యేదాకా చూడాలి. అమెరికాలో ప్రతి మనిషికీ చట్టం హక్కుగా ఇచ్చిన వైద్యం ఇదొక్కటే. మంచి చట్టం. అయితే దానితో డబ్బు రాలేదు. మిగతా తలుపులన్నీ మూసుకున్నవాళ్లు ఈ తలుపు దగ్గరికి చేరారు.

అదే కాలంలో ఆస్పత్రులు తగ్గిపోయాయి. 1993 నుంచి 2003 లోపు ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు ఏడాదికి 9 కోట్ల 3 లక్షల నుంచి 11 కోట్ల 39 లక్షలకు పెరిగితే, ఎమర్జెన్సీ విభాగాలు 425, ఆస్పత్రి పడకలు 1,98,000 తగ్గాయి. చోటు లేదు, ఇంకో ఆస్పత్రికి పొమ్మని ఆ 2003లో 5 లక్షల సార్లకు పైగా అంబులెన్సులను దారి మళ్లించారు. ఈ లెక్కలు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2006లో ప్రకటించింది. మాకు దగ్గర్లోని బ్రాడక్‌లో, ఆండ్రూ కార్నెగీ 1875లో ఉక్కు కార్ఖానా పెట్టిన ఊళ్లో, ఆస్పత్రి 2010 జనవరి 31న మూతబడింది. జనం చలిలో నిలబడి నిరసనలు చేశారు. కార్ఖానా పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన ముసలివాళ్లు ఉన్న ఊరు అది. అక్కడివాళ్లందరూ మేం వెళ్లే ఎమర్జెన్సీలకే రావాలి.

మేం వెళ్లిన ఒక ఆస్పత్రిలో, పేరు అనవసరం, మూత్రం ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వచ్చిన మా ఆయన్ని చేర్చుకున్నారు గానీ పై అంతస్తులో పడక లేదు. నడవలోనే స్ట్రెచర్ మీద ఉంచారు. దీన్ని బోర్డింగ్ అంటారు. స్ట్రెచర్ పరుపు మందం నాలుగు వేళ్లుంటుంది. నడవలేని మనిషికి అది మంచం కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద ఎముక ఉన్నచోట చర్మం ముందు ఎర్రబడుతుంది. వేలితో నొక్కితే ఆ ఎరుపు తెల్లబడి మళ్లీ రావాలి. తెల్లబడకపోతే లోపల కండ దెబ్బతినడం మొదలైందని. అది పుండైతే ఇంటికొచ్చాక మానడానికి నెలలు పడుతుంది. స్ట్రెచర్‌కి అటూ ఇటూ కమ్మీలున్నాయి, తిప్పడానికి చోటు లేదు, నర్సు ఒక్కతే ఆ నడవ మొత్తానికీ. నేను నా కోటు చుట్టి ఆయన వీపు కిందికి తోసి, వాచీ చూసుకుని అటు ఇటు మార్చాను. తెల్లారి డ్యూటీకి వచ్చిన నర్సు చర్మం చూసి, ఎవరు చేశారని అడిగి, ఎక్కడో ఒక దిండు వెతికి తెచ్చింది. ఆ రాత్రి ఆమె గానీ, ముందున్న ఆమె గానీ తప్పు చేశారని నేను అనను. పడకలు తీసేసింది వాళ్లు కాదు.

పడకలు ఎందుకు తగ్గాయో తెలుసుకోవాలంటే 1983కి వెళ్లాలి. 1965 జులై 30న జాన్సన్ సంతకం చేసిన మెడికేర్, ఆస్పత్రులకు అయిన ఖర్చును బట్టి చెల్లించేది. 1983 అక్టోబరు నుంచి పద్ధతి మారింది. జబ్బుకి ఇంతని ఒక ధర కట్టి, మనిషి నాలుగు రోజులున్నా పద్నాలుగు రోజులున్నా అంతే ఇస్తామన్నారు. ఎంత త్వరగా పంపిస్తే ఆస్పత్రికి అంత మిగులు. జబ్బు తగ్గాక ఇంటికి వెళ్లడం పోయి, జబ్బు ఇంట్లో తగ్గించుకోవడం వచ్చింది. కోలుకునే రోజులు మాయం కాలేదు, ఇంటికొచ్చాయి. పొట్టలో గొట్టం ద్వారా అన్నం, మూత్రం సంచి, పుండ్లకు కట్లు, ఇన్సులిన్, రాత్రి తిప్పడాలు అన్నీ వచ్చాయి. వాటిని చేసేవాళ్లకు జీతం మాత్రం రాలేదు. ఈ చరిత్రలో నాకు ముఖ్యమనిపించినది ఇదే. సాఫర్ కుర్రాళ్లు రోడ్డు మీద పోయే ప్రాణాలు నిలబెట్టడం నేర్చారు. అలా నిలిచిన ప్రాణాలు ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఎవరి చేతుల్లో ఉండాలో ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు. భార్యలూ భర్తలూ ఉన్నారు కదా అనుకున్నారు.

ఏర్పాటు చెయ్యడం తెలియక కాదు. పోలియో కాలంలో చేశారు. జోనాస్ సాక్ టీకా తయారుచేసింది ఈ పిట్స్‌బర్గ్‌లోనే, 1955 ఏప్రిల్ 12న ఫలితం ప్రకటించారు. ఆపాటికి ఊపిరి యంత్రాల మీద బతుకుతున్నవాళ్లను ఇళ్లకు చేర్చి, కొందరికి ఇంట్లో సహాయకులను పెట్టి నడిపించిన అనుభవం ఉంది. ఆస్పత్రిలో ఉంచడం కంటే అదే చవక అని లాస్ ఏంజిలిస్ కౌంటీ ఆనాడే తేల్చుకుంది. పోలియో పోయింది, ఆ పాఠమూ దానితో పోయింది. మెడికేర్ ఎక్కువకాలం ఇంటి దగ్గర సేవకు డబ్బివ్వదు. పేదవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ ఇస్తుంది గానీ దానికి ముందు ఉన్నదంతా కరిగించుకోవాలి. మిగిలిన భార్యో భర్తో వీధిన పడకుండా కొంత ఆస్తి అట్టిపెట్టుకోవచ్చని 1988లో చట్టం వచ్చింది. 65 నిండకుండా వికలాంగులైనవాళ్లకు మెడికేర్ 1973 నుంచి ఉంది, అయితే వైకల్య భృతి మొదలైన 24 నెలల తర్వాతే. మా ఆయనకు యాభై తొమ్మిది. ఆ నెలలు నా ఉద్యోగం ఇన్సూరెన్సు మీద గడిచాయి. ఆ ఇన్సూరెన్సు కోసం నేను పగలు లైబ్రరీలో ఉండాలి, నేను లైబ్రరీలో ఉంటే ఇంట్లో మనిషిని పెట్టాలి, మనిషికిచ్చే డబ్బు నా జీతాన్ని తినేసేది. జబ్బుపడ్డ ఇంటివాళ్లను చూసుకోవడానికి 1993 నాటి సెలవు చట్టం 12 వారాలు ఇస్తుంది, జీతం లేకుండా.

ఇంకొకటి చెప్పాలి, తెలుగువాళ్లలో చాలామందికి ఇది తెలియదు. ఆస్పత్రిలో రాత్రుళ్లు పడుకున్నా, కాగితాల్లో అబ్జర్వేషన్ అని రాస్తే ఆ మనిషి ఇన్‌పేషెంట్ కాదు. మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉంటేనే ఆ తర్వాత నర్సింగ్ హోములో కోలుకోవడానికి అసలు మెడికేర్ డబ్బిస్తుంది. అబ్జర్వేషన్ రోజులు ఆ మూడులోకి రావు. 2015లో చేసిన చట్టం వల్ల ఇప్పుడు ఆ సంగతి కాగితం మీద చెప్పాలి. చేర్చిన రోజే అడగండి, ఇన్‌పేషెంటా అబ్జర్వేషనా అని. పెన్సిల్వేనియాలో 2016 చట్టం ఇంకోటి ఉంది. రోగిని ఇంట్లో చూసుకునేది ఎవరో ఆస్పత్రి రాసుకోవాలి, పంపించేముందు ఆ మనిషికి పనులు చేసి చూపించాలి. మొదటిసారి డిశ్చార్జి చేసినప్పుడు చూపించమని నేను పట్టుబట్టాను. మంచం మీంచి కుర్చీలోకి దించడం ఒక ఫిజికల్ థెరపిస్టు నాతో చేయించింది. మంచిగా ఉన్న కుడి పక్కకే కుర్చీ పెట్టాలి, నా మోకాలు ఆయన ఎడమ మోకాలికి అడ్డం పెట్టి అది మడత పడకుండా ఆపాలి, నడుం కాదు, నా కాళ్లు బరువు తీసుకోవాలి. ఈరోజుకీ ఆమె చెప్పిన వరస తప్పను.

మాగీ స్ట్రాంగ్ అనే ఆమె భర్తకు మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆమె 1988లో ‘మెయిన్‌స్టే’ అనే పుస్తకం రాసింది. జబ్బుపడినవాళ్ల భార్యాభర్తల కోసం రాసిన పుస్తకం. అది చదివి ఉత్తరాలు రాసినవాళ్లు కలిసి వెల్ స్పౌజ్ అనే సంస్థగా ఏర్పడ్డారు. ఇప్పటికీ ఉంది. అమెరికావాళ్లకు ఇలాంటివి అక్కర్లేదు, వాళ్లు భార్యాభర్తలైనా వదిలేసి పోతారు అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. నేను ఆస్పత్రి నడవల్లో చూసిన అమెరికా భార్యలూ భర్తలూ అలాంటివాళ్లు కారు. భార్య నోటి నుంచి కారే చొంగను చేతిరుమాలుతో తుడుస్తూ ఆమెకు బేస్‌బాల్ స్కోరు చదివి వినిపించే ముసలాయన్ని చూశాను.

మన ఇళ్లలో పద్ధతి వేరుగా ఉండేది. తెనాలిలో మా మేనమామకు పక్షవాతం వచ్చినప్పుడు అత్తయ్య ఒక్కతే లేదు. లేపడానికి ఇద్దరు కొడుకులు, వండడానికి కోడలు, రాత్రి కాపలాకి పాలేరు, సాయంత్రం కబుర్లకి వీధిలోవాళ్లు. అంత భారం అంతమంది పంచుకుంటే అది భారమని ఎవరికీ తోచేది కాదు. ఇక్కడ మాకు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1970ల్లో ఇక్కడి మనవాళ్లు కట్టుకున్నది. గుడి స్నేహితులు మొదటి నెలల్లో పప్పూ కూరా డబ్బాల్లో తెచ్చిపెట్టారు, వాళ్ల రుణం తీరదు. కానీ లేపడం, కడగడం, తిప్పడం డబ్బాలో రావు. మా చెల్లెలు ఆరు నెలల వీసా మీద వచ్చి చేసి వెళ్లింది. 1965 వలస చట్టం తర్వాత గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల నుంచి వచ్చిన డాక్టర్లు అమెరికా ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ పెద్దవాళ్లయ్యారు. ఇప్పుడు వాళ్లలో కొందరి ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. వాళ్లకూ లిఫ్ట్ కావాలి, వాళ్లకూ నిద్ర కావాలి.

మన దగ్గర అంబులెన్సు చరిత్ర ఇంకా చిన్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దాని పారామెడిక్‌ల శిక్షణకు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డాక్టర్లు 2007 నుంచి సాయం చేశారు. డబ్బు అడగరు, ఇది గొప్ప సంగతి. మా మరిది గుండెపోటు వచ్చి 108లోనే గుంటూరు చేరి బతికాడు. బతికి ఇంటికొచ్చాక తోటికోడలు నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలన్నీ నేను ఇక్కడ అడిగినవే. ఎలా లేపాలి, ఎవరిని పిలవాలి, రాత్రి ఎన్నిసార్లు చూడాలి.

మా ఊరి టౌన్‌షిప్ సమావేశంలో అంబులెన్సుకు పన్ను కేటాయించాలా వద్దా అన్న చర్చ వచ్చింది. ఏటా వచ్చే సభ్యత్వాలతో నడవడం లేదని అంబులెన్సు సంస్థ చీఫ్ చెప్పాడు. కొంతమంది ఇంటి పన్ను పెరుగుతుందని వద్దన్నారు. మూడు నిమిషాలు మాట్లాడనిచ్చారు. నేను ఫ్రీడమ్ హౌస్ గురించి చెప్పాను, అక్కడున్న చాలామందికి అది తెలియదు, పక్క ఊరి కథ అయినా. తర్వాత మూడు సంగతులు అడిగాను. లేపడానికి వచ్చినా వాళ్లకు డబ్బు ముట్టే ఏర్పాటు చెయ్యమన్నాను. నడవలేని మనిషి ఉన్న ఇళ్ల జాబితా వాళ్ల దగ్గర ఉంచి, మెట్లు ఎన్ని, మనిషి ఏ పక్క పడిపోయింది ముందే తెలిసేలా చెయ్యమన్నాను. మనిషిని తీసుకొచ్చినప్పుడు తోడు వచ్చిన భార్యనో భర్తనో బయట కూర్చోమనకుండా లోపలికి రానివ్వమని కౌంటీ ఆస్పత్రులకు ఉత్తరం రాయమన్నాను. పన్ను ఓటుకు వచ్చే నెల తేదీ ఇచ్చారు. జాబితా సంగతి మాత్రం చీఫ్ అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. మరుసటి వారం ఆ అమ్మాయే క్లిప్‌బోర్డుతో వచ్చి మా ఇంటి గుమ్మం వెడల్పు కొలుచుకుని, మా ఆయన పక్షవాతం ఏ పక్కో రాసుకుని, బాత్రూమ్‌లోకి దూరే చిన్న లిఫ్టులు ఉంటాయని, గాలి నింపితే మనిషిని నేల నుంచి పైకి ఎత్తుతాయని చెప్పి వెళ్లింది. ధర కనుక్కుంటున్నాను.